ప్యాడ్లు పంచితే సరిపోతుందా? నెలసరి పేదరికంపై మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

మేం మార్కాపురం చుట్టుపక్కల ఊళ్ల పిల్లలం. డిగ్రీ చదివేవాళ్లు కొందరు, బీటెక్ వాళ్లు కొందరు, అంతా కలిపి పదిమందిమి. సంస్థ అని రిజిస్టర్ చేయించలేదు, బోర్డు కూడా లేదు. శనివారాలు వీలు చూసుకుని ప్రభుత్వ బడులకీ, హాస్టళ్లకీ వెళ్లి నెలసరి గురించి మాట్లాడతాం. చివర్లో పేరు రాయకుండా చీటీల మీద ప్రశ్నలు రాసి డబ్బాలో వేయమంటాం. ఈ పేజీలో ఉన్నవి చాలావరకు ఆ డబ్బాలోంచి వచ్చినవే. కొన్ని తల్లులు, హెడ్మాస్టర్లు, మా సొంత నాన్నలు అడిగినవి.

నెలసరి పేదరికం అంటే ఏంటి? ప్యాడ్ కొనలేకపోవడమేనా?

ప్యాడ్ అందులో ఒక ముక్క. మార్చుకోవడానికి తలుపున్న చోటు, కడుక్కోవడానికి నీళ్లు, సబ్బు, పడేయడానికి బుట్ట, నొప్పికి మాత్ర, అసలు ఏం జరుగుతోందో భయపెట్టకుండా చెప్పే ఒక మనిషి... వీటిలో ఏది లేకపోయినా ఆ నాలుగైదు రోజులు గడవడం కష్టమే. ఎవరూ ఎత్తని మాట ఇంకొకటుంది, డ్రాయర్లు. ప్యాడ్ అంటించడానికి సాగిపోని డ్రాయరు ఒక్కటీ లేని పిల్ల చేతిలో ప్యాకెట్టు పెట్టి ఫొటో దిగితే ఆ పిల్లకు ఒరిగేదేమీ లేదు. ఈ సంగతి మాకు మొదటి ఏడాదంతా తట్టనేలేదు. ఒక హాస్టల్లో వంట చేసే అక్క చెబితే తెలిసింది.

ఇక లెక్క. ఐదు రోజులు, రోజుకు మూడు నాలుగు మార్చుకుంటే నెలకు 15 నుంచి 20 ప్యాడ్లు కావాలి. ఒక్కోటి ఆరు రూపాయలు వేసుకున్నా 90 నుంచి 120 రూపాయలు. తల్లి, ఇద్దరు ఆడపిల్లలు ఉన్న ఇంట్లో దాదాపు మూడొందలు అవుతుంది. మిరపకాయల కోతకు వెళ్లే ఇంట్లో అది సుమారు ఒక రోజు కూలి. "ఒక్క రోజు కూలే కదా" అని ఒకాయన అన్నారు. కోతలు లేని నెలలుంటాయి కదండీ. అప్పుడు ఇంట్లో ముందు తెగేది ఈ ఖర్చే, ఎందుకంటే దీన్ని పైకి అడిగేవాళ్లుండరు.

ఇప్పుడు అందరూ ప్యాడ్లే వాడుతున్నారు. ఇంకా పేదరికం ఎక్కడుంది?

వాడకం పెరిగిన మాట నిజం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-24 ఏళ్ల అమ్మాయిల్లో పరిశుభ్రమైన పద్ధతి వాడేవాళ్లు 2015-16లో 57.6 శాతం, 2019-21 నాటికి 77.3 శాతం. మంచి పెరుగుదలే. కాకపోతే ఈ అంకె ఏం వాడుతున్నారో చెబుతుంది, ఎన్ని గంటలకోసారి మార్చుకుంటున్నారో చెప్పదు. మా డబ్బాలో ఎక్కువసార్లు వచ్చిన చీటీ ఇదే: "పొద్దున పెట్టుకున్నది సాయంత్రం దాకా ఉంచుకుంటే ఏమైనా అవుతుందా అక్కా?" ఎనిమిదింటికి బస్సెక్కే పిల్ల ఇంటికి చేరేది ఆరింటికి. మధ్యలో బడిలో మార్చుకునే వీలుండదు, లేదా ఉన్న ఒక్క ప్యాడ్ రేపటికి దాచుకోవాలి.

ఆ చీటీకి మా జవాబు: నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చుకోవాలి. తడి ప్యాడ్ ఎక్కువసేపు ఉంటే ఒరుసుకుపోతుంది, మంట, దురద వస్తాయి, వాసన వస్తుంది. ప్రాణం మీదికేం రాదు, భయపడొద్దు. కానీ అలా గడపాల్సి రావడం నీ తప్పు కూడా కాదు.

ప్రభుత్వమే ఉచితంగా ఇస్తోంది కదా, మధ్యలో మీరెందుకు?

ఇస్తే సంతోషమే. కేంద్రం 2011లోనే పల్లెల్లో ఆశా కార్యకర్తల ద్వారా ఆరు ప్యాడ్ల ప్యాకెట్టు ఆరు రూపాయలకు ఇచ్చే పథకం పెట్టింది. జన ఔషధి దుకాణాల్లో 'సువిధ' ప్యాడ్ 2019 ఆగస్టు నుంచి ఒక్క రూపాయికి దొరుకుతోంది. ఇది చాలామందికి తెలియదు, మీకు దగ్గర్లో జన ఔషధి ఉంటే వెళ్లి అడగండి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరులో 'స్వేచ్ఛ' పేరుతో ప్రభుత్వ బడుల్లో 7వ తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే అమ్మాయిలకు నెలకు 10 ప్యాడ్లు ఇవ్వడం మొదలైంది.

పైన వేసిన లెక్క ఒకసారి గుర్తు తెచ్చుకోండి. కావలసినవి 15 నుంచి 20, చేతికొచ్చేవి 10. లేనిదానికంటే పది నయం, కానీ మిగతా రోజులకు మళ్లీ గుడ్డే. పైగా పెట్టె బడికి రావడం వేరు, అందులోంచి ప్యాడ్ పిల్ల చేతికి రావడం వేరు. మేం చూసిన ఒక బడిలో పెట్టె ఆఫీసు రూములో బీరువాలో ఉంది, తాళం ఒక మాస్టారి దగ్గర ఉంది. ఆయన మంచివారే, ఎవరడిగినా ఇస్తారు. అడిగిందెవరు? ఏడాదిలో ఇద్దరు. తాళంచెవి ఆడపిల్లల్లో ఒక పెద్దపిల్లకు ఇచ్చాక రెండు వారాల్లో పెట్టె ఖాళీ. "చూశారా, దుబారా చేస్తున్నారు" అన్నారొకరు! అదే అసలు అవసరం అని చెప్పేసరికి మాకు తాతలు దిగొచ్చారు.

బడికి వెళ్తే ముందు ఏం చేస్తారు?

మరుగుదొడ్డి చూస్తాం. ఉపన్యాసం తర్వాత.

ఒక ఉన్నత పాఠశాల సంగతి చెబుతాం, ఊరి పేరు వద్దు. ఆడపిల్లలకు మూడు గదులున్నాయని రికార్డులో ఉంది. నిజంగానే మూడున్నాయి. ఒకదాంట్లో విరిగిన బెంచీలు, రెండోదాంట్లో మధ్యాహ్న భోజనం వాళ్ల కట్టెలు. మూడోదానికి గడియ ఊడిపోయింది. గడియ ఉండాల్సిన చోట రెండు మేకుల చిల్లులు, వాటిలోంచి ఒక చున్నీ కొస దూర్చి ముడివేసి ఉంది. లోపలికెళ్లిన పిల్ల ఒక చేత్తో ఆ చున్నీ లాగి పట్టుకోవాలి, బయట స్నేహితురాలు కాపలా ఉండాలి. ఒక చెయ్యి చున్నీకే పోతే మిగిలిన చేత్తో ప్యాడ్ మార్చుకోవడం ఎలాగో మీరే ఆలోచించండి. కుళాయికి తల లేదు, కర్రముక్కకు గుడ్డ చుట్టి బిరడా కొట్టారు. నీళ్లు బోరింగు దగ్గర్నుంచి మగ్గుతో తెచ్చుకోవాలి, అంటే ఆటల మైదానం దాటి అందరూ చూస్తుండగా రావాలి. మూత లేని ప్లాస్టిక్ బుట్ట ఒకటుంది, అది స్టాఫ్ రూము గుమ్మం పక్కన. గోడకు ప్యాడ్లు కాల్చే మిషను బిగించి ఉంది, దాని మీది ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. దగ్గర్లో ప్లగ్గు పెట్టే చోటే లేదు మరి.

ఆ రోజు మా దగ్గర పంచడానికి నాలుగు అట్టపెట్టెల ప్యాడ్లు ఉన్నాయి. పంచాం. తర్వాతి శనివారం వడ్రంగం తెలిసిన మా వాడొకడు గడియ, స్క్రూలు, కుళాయి తల, మూతున్న బుట్ట పట్టుకొచ్చాడు. మొత్తం ఖర్చు ఐదొందలు దాటలేదు. బిగించేటప్పుడు తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె వచ్చి "అన్నా, గోడకు ఒక మేకు కొడతావా?" అంది. ఎందుకని అడిగితే, కొత్త ప్యాడూ చున్నీ పెట్టుకోవడానికి లోపల చోటు లేదట, నేలంతా తడి, ఇన్నాళ్లూ పళ్లతో పట్టుకుంటున్నారట. మేకు కొట్టాడు. అప్పటి నుంచి మా చెక్‌లిస్టులో మొదటి వరసలో ఉండేది ఆ మేకే. ఇంత చదువుకున్నాం, ఏ శిక్షణలోనూ మాకెవరూ దీన్ని చెప్పలేదు.

ఏ మాట వాడాలి? ముట్టు, బహిష్టు, నెలసరి, పీరియడ్స్?

ఎదుటి అమ్మాయి ఏ మాట వాడితే మేమూ అదే వాడతాం. మన దగ్గర మాటలకు కొదవేం లేదు. బయటుంది, దూరంగా ఉంది, ఇంట్లో లేదు, కాకి ముట్టింది, డేట్ వచ్చింది, ఎం.సి. అయింది. అన్నీ చెప్పకుండా చెప్పే మాటలే. 'బహిష్టు' అంటే బయట ఉన్నది అని అర్థం, ఆచారం మాటలోనే ఉంది. 'ముట్టు' మరీ చిత్రం. ముట్టుకోవడం అన్న మాటే అది, ముట్టుకోకూడని మనిషికి పేరై కూర్చుంది. నెలనెలా వచ్చేది కాబట్టి 'నెలసరి' అనడం మాకు హాయిగా ఉంటుంది, అంతే. పట్టుదలేం లేదు.

పాఠ్యపుస్తకం మాట ఇంకొకటుంది, ఋతుచక్రం. పదో తరగతిలో దీనికి బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న ఒకమ్మాయి మాతో అంది: "అది వేరే ఏదో అనుకున్నా అక్కా, మనకు వచ్చేది అదేనా?" మాష్టారు ఆ పాఠం ఇంటి దగ్గర చదువుకోండని వదిలేశారట.

పెద్దమనిషి అయితే ఊరందర్నీ పిలిచి ఫంక్షన్ చేస్తాం. మరి సిగ్గు ఎక్కడుంది?

ఈ ప్రశ్న మాకు చాలా ఇష్టం, ఎందుకంటే అడిగినవాళ్లు సగం జవాబు వాళ్లే చెప్పేశారు. పిల్ల రజస్వల అయితే తాటాకు చాప మీద కూర్చోబెడతారు, చిమ్మిలి చేసి పెడతారు, మేనమామ చీర తెస్తాడు, రోడ్డు మీద ఫ్లెక్సీ కడతారు, మైకు పెడతారు. పదకొండేళ్ల పిల్ల శరీరం సంగతి మండలమంతా తెలుస్తుంది. తెలియనిది ఒక్క ఆ పిల్లకే. రక్తం ఎక్కడి నుంచి వస్తోంది, ఎన్నాళ్లుంటుంది, మళ్లీ వస్తుందా? ఒక చీటీలో అచ్చంగా ఇలా ఉంది: "ఫంక్షన్ అయిపోయింది కదా, మళ్లీ ఎందుకు వచ్చింది?"

చిమ్మిలి మీద మాకు కోపం లేదు, నువ్వులూ బెల్లమూ మంచి తిండి. 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్న దేశంలో ఆ తిండి పదకొండు రోజులకే ఆగిపోకూడదనే మా గోల. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర కూడా పారేయకుండా మింగమని చెబుతాం. ఫ్లెక్సీ విషయంలో మాత్రం మా బృందంలో రెండు పక్షాలున్నాయి. అసలు వద్దనేవాళ్లున్నారు, పిల్లను అడిగి చేయండనేవాళ్లున్నారు. ఇంకా తేలలేదు.

మీరు ఆచారాలకు, దేవుడికి వ్యతిరేకమా?

కాదు. మాలో సగం మంది ఇళ్లలో ఇప్పటికీ ఆ మూడు రోజులూ దేవుడి గదిలోకి వెళ్లరు. వెళ్లాలా వద్దా అన్నది ఎవరి నమ్మకం వాళ్లది. మేం పట్టుబట్టేది కొన్నింటి దగ్గరే. పడుకోవడానికి వాకిట్లో గోనెసంచి వేయొద్దు. స్నానం మాన్పించొద్దు. కంచం, గ్లాసు వేరుగా పెట్టి అన్నం దూరం నుంచి విసిరినట్టు పెట్టొద్దు. బడి మాన్పించొద్దు.

ఆచారం అంటే దూరం పెట్టడమే అనుకుంటాం గానీ, మన దేశంలో దీన్ని పండగ చేసేవాళ్లూ ఉన్నారు. గువాహటి కామాఖ్య గుడిలో అమ్మవారికే నెలసరి వస్తుందని నమ్మి ఏటా జూన్‌లో మూడు రోజులు తలుపులు మూసి, తెరిచాక లక్షలమంది మొక్కుకుంటారు. అంబుబాచి మేళా అంటే అదే. ఒడిశాలో రజ పండగ మూడు రోజులూ భూమికి నెలసరి అని దున్నరు, తవ్వరు, ఆడపిల్లలు ఉయ్యాలలూగుతారు.

రెండో వైపూ ఉంది. కర్ణాటకలో కాడుగొల్లల పల్లెల్లో నెలసరి వచ్చినవాళ్లనూ బాలింతలనూ ఊరి బయట గుడిసెల్లో ఉంచే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. తెలంగాణకు ఆనుకుని ఉన్న గడ్చిరోలిలో గోండు, మాడియా గూడేల్లో దానికోసమే కుర్మా ఘర్ అనే గుడిసె ఉంటుంది. నేపాల్‌లో చౌపడి పేరుతో ఇలా గుడిసెలకు పంపడాన్ని 2005లో అక్కడి సుప్రీంకోర్టు తప్పుపట్టింది. 2017లో చట్టం చేసి మూడు నెలల జైలు గానీ, మూడు వేల నేపాలీ రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పెట్టారు. అయినా పాముకాటుతో, పొగకు ఊపిరాడక చనిపోయిన ఆడవాళ్ల వార్తలు ఆ తర్వాత కూడా వచ్చాయి. చట్టం గుడిసెను కూల్చగలదు, ఇంట్లో అత్తగారి భయాన్ని ఎవరు కూలుస్తారు? అందుకే మేం తల్లులతో, నాయనమ్మలతో విడిగా కూర్చుంటాం. విచిత్రంగా వాళ్లే ఎక్కువ నవ్వుతారు, ఎక్కువ అడుగుతారు.

గుడ్డ వాడితే తప్పా?

తప్పేం కాదు. శుభ్రమైన నూలుగుడ్డ, చల్లటి నీళ్లతో ముందు జాడించి, సబ్బుతో ఉతికి, ఎండలో ఆరేసి వాడితే ఏ ఇబ్బందీ లేదు. చిక్కంతా ఆ 'ఎండలో' దగ్గరే. ముట్టుగుడ్డ ఎవరి కంటా పడకూడదని మంచం కింద, చీర కింద, బాత్రూము తలుపు వెనక ఆరేస్తారు. ఆరని గుడ్డ మళ్లీ కట్టుకుంటారు. ఒక తల్లి చెప్పిన ఉపాయం నచ్చింది: దండెం మీద పైన పల్చటి పాత తువాలు కప్పేస్తే సరి, ఎండా తగులుతుంది, ఎవరికీ కనపడదు. సిగ్గు పోయేదాకా ఆగితే గుడ్డ ఆరదు కదా!

నెలసరి కప్పు (లోపల పెట్టుకుంటే రక్తాన్ని పట్టే మెత్తటి చిన్న గిన్నె) పెళ్లికాని పిల్లలు వాడొచ్చా? లోపలే ఉండిపోతే?

వాడొచ్చు. లోపల ఎక్కడికీ పోదు, దారి అక్కడితో ఆగిపోతుంది. కన్యత్వం గురించి భయపడేవాళ్లకు మేం చెప్పేది ఒక్కటే. లోపలి పొర ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, సైకిలు తొక్కినా సాగొచ్చు, దాన్ని బట్టి ఎవరి గుణమూ తేలదు. 2019లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో 43 అధ్యయనాలను కలిపి చూసి, కప్పు సురక్షితమనీ, కారడం ప్యాడ్లతో సమానంగానో అంతకంటే తక్కువగానో ఉందనీ తేల్చారు. ఒకటి కొంటే పదేళ్ల దాకా వస్తుంది. కేరళలో ఆలప్పుళ మున్సిపాలిటీ 2019లో ఐదు వేల కప్పులు ఉచితంగా పంచింది. కేరళలోనే కుంబళంగి ఊరిని 2022లో ప్యాడ్లు లేని పంచాయతీగా ప్రకటించారు.

అయినా మేం బడిపిల్లలకు కప్పుల్ని బలవంతంగా అంటగట్టం. అలవాటు కావడానికి రెండు మూడు నెలలు పడుతుంది, చేతులు కడుక్కునే నీళ్లు కావాలి, నెలకోసారి మరిగించాలి. మరిగించడానికి వంటింట్లో గిన్నె ఇవ్వరు! కావాలన్న అక్కలకు ఒక స్టీలు గ్లాసు కూడా కప్పుతో పాటే ఇస్తున్నాం, "ఇది దానికే" అని చెప్పి.

వాడిన ప్యాడ్ ఎక్కడ పడేయాలి?

మరుగుదొడ్లో వేసి ఫ్లష్ చేయొద్దు, కాలవలో వేయొద్దు. పాత పేపర్లో చుట్టి, మీద ఎర్ర పెన్నుతో పెద్ద చుక్క పెట్టి చెత్తబండికి విడిగా ఇవ్వండి. ఎర్రచుక్క పద్ధతి బెంగళూరు లాంటి నగరాల్లో ఉంది. చెత్త వేరుచేసే మనిషి విప్పి చూడాల్సిన పని లేకుండా చేయడమే దాని ఉద్దేశం. మన రక్తం వాళ్ల వట్టి చేతులకు అంటుకోవడం ఏ రకంగా న్యాయం? ప్రతి ప్యాడ్‌కూ చుట్టడానికి కవరు కంపెనీయే ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే పెట్టారు. ఇంట్లో పెరట్లో కాల్చే అలవాటు మానేయండి, ప్యాడ్‌లో ఎక్కువ భాగం ప్లాస్టిక్కే, తక్కువ వేడిలో కాలితే విషపు పొగ వస్తుంది. పాము దాటితే పిల్లలు పుట్టరన్న భయంతో కాల్చేవాళ్లు మా వైపు ఉన్నారు. పాముకు మీ ప్యాడ్‌తో పని లేదండీ.

అబ్బాయిలు కూడా మీతో వస్తారా? వాళ్లకేం పని?

నలుగురున్నారు. గడియలు బిగించేది వాళ్లే కాదు, ఒక్కోసారి మేమూ బిగిస్తాం. వాళ్లు మగపిల్లల క్లాసులో మాట్లాడతారు. మొదట పది నిమిషాలు ఇకిలింపులు, తర్వాత చెల్లెళ్ల గురించి ప్రశ్నలు. ఒక బడిలో టీచరమ్మ "మగపిల్లల ముందు ఆ మాట ఎత్తొద్దు" అని మమ్మల్ని గేటు దగ్గరే ఆపేశారు. వెనక్కి వచ్చేశాం, గొడవ పడలేదు.

వాళ్లకు మేం ఇచ్చే హోంవర్క్ ఒకటే: మెడికల్ షాపుకెళ్లి ప్యాడ్ల ప్యాకెట్టు కొని, పేపర్లో చుట్టకుండా, నల్ల కవరు వద్దని చెప్పి, చేత్తో పట్టుకుని ఇంటికి నడిచి రావాలి. ఇంటర్ చదివే ఒకడు అలా తెచ్చి అమ్మకిచ్చాడు. ఆవిడ కాసేపు మాట్లాడలేదట. తర్వాత "ఈసారి పెద్ద సైజు తే" అందట.

చదువుకునే పిల్లలు నిజంగా ఏమైనా మార్చగలిగారా?

మార్చారు. మన దేశంలోనే చూడండి. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు బొట్టు, కాటుక, గాజులకు పన్ను లేదు, శానిటరీ ప్యాడ్‌కు 12 శాతం. జేఎన్‌యూలో పరిశోధన చేస్తున్న జర్మినా ఇస్రార్ ఖాన్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. ఆ కేసు విచారణలో కోర్టు, బొట్టుకూ కాటుకకూ మినహాయింపు ఇచ్చినప్పుడు ప్యాడ్‌కు ఎందుకివ్వరని అడిగింది. 31 మంది ఉన్న జీఎస్టీ కౌన్సిల్లో ఒక్క ఆడమనిషి కూడా లేకపోవడాన్నీ ఎత్తిచూపింది. బయట సంతకాల సేకరణలూ, ప్రదర్శనలూ సాగాయి. 2018 జులై 21న కౌన్సిల్ పన్ను తీసేసింది. ధర 12 శాతం తగ్గిపోలేదు, అది వేరే సంగతి. అమ్మకంపై పన్ను పోయినా ముడిసరుకు మీద కట్టిన పన్ను కంపెనీలకు తిరిగి రాదు, ఆ భారం ధరలోనే ఉండిపోయింది.

అంతకు ముందే 2015 నవంబరులో, ఆడవాళ్లు శుద్ధిగా ఉన్నారో లేదో తేల్చే యంత్రం వచ్చాక వాళ్లను శబరిమలకు రానిచ్చే సంగతి చూస్తామని ఆలయ బోర్డు అధ్యక్షుడు అన్నప్పుడు, పంజాబ్‌లోని నికితా ఆజాద్ అనే ఇరవై ఏళ్ల విద్యార్థిని బహిరంగ లేఖ రాసి 'హ్యాపీ టు బ్లీడ్' ఉద్యమం మొదలుపెట్టింది. శబరిమల మీద మీ అభిప్రాయం ఏదైనా కావచ్చు, ఇంట్లో చాటుగా చెప్పుకునే మాటను ఆ పిల్ల వార్తాపత్రిక మొదటి పేజీకి తెచ్చింది.

బ్రిటన్‌లో ఇంకా పెద్ద కథ జరిగింది. ఆఫ్రికాకు ప్యాడ్లు పంపే ఒక చారిటీ, లీడ్స్ పట్టణంలో బడిపిల్లలకే ప్యాడ్లు లేవని తెలిసి అక్కడా పంచాల్సి వచ్చిందని 2017లో వార్త వచ్చింది. అది చదివిన అమికా జార్జ్ వయసు 17. కేరళ మూలాలున్న కుటుంబం. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో 'ఫ్రీ పీరియడ్స్' పేరుతో సంతకాలు మొదలుపెట్టింది. ఆ డిసెంబరులో ప్రధాని నివాసముండే డౌనింగ్ స్ట్రీట్ ఎదుట ఎర్ర బట్టలేసుకుని దాదాపు రెండు వేల మంది నిలబడ్డారు. 2020 జనవరి నుంచి ఇంగ్లండ్ బడుల్లో, కాలేజీల్లో ఉచితంగా ఇవ్వడం మొదలైంది. స్కాట్లండ్ మరో అడుగు ముందుకేసి, అక్కడి పార్లమెంటు సభ్యురాలు మోనికా లెనన్ తెచ్చిన బిల్లును 2020 నవంబరు 24న ఏకగ్రీవంగా ఆమోదించింది. 2022 ఆగస్టు 15 నుంచి అక్కడ అవసరమున్న ఎవరికైనా ఉచితంగా అందుబాటులో ఉంచడం స్థానిక సంస్థల చట్టబద్ధమైన బాధ్యత. గమనించాల్సింది ఏంటంటే, అమికా ప్యాడ్లు పంచుతూ కూర్చోలేదు, ఇవ్వాల్సినవాళ్లను అడిగింది. మేం ఇంకా పంచే దశలోనే ఉన్నాం. ఇప్పుడిప్పుడే మండల విద్యాధికారికి అర్జీలు రాయడం నేర్చుకుంటున్నాం.

నెలసరి సెలవు ఇవ్వాలంటారా?

బిహార్ ప్రభుత్వ ఉద్యోగినులకు నెలకు రెండు రోజులు 1992 నుంచే ఉంది. కేరళ 2023లో విశ్వవిద్యాలయ విద్యార్థినులకు హాజరులో సడలింపు ఇచ్చింది. సెలవు తప్పనిసరి చేస్తే ఆడవాళ్లకు ఉద్యోగాలివ్వడం మానేస్తారేమో అని 2024లో సుప్రీంకోర్టు సందేహపడింది. మాకు తోచింది చెబుతాం: నెల జీతం లేనివాళ్ల దగ్గర మొదలుపెట్టాలి. మహారాష్ట్ర బీడ్ జిల్లాలో చెరకు నరికే ఆడవాళ్లు పని రోజులు పోకూడదని, జరిమానా పడకూడదని గర్భసంచులే తీయించుకున్నారని 2019లో బయటపడింది. మన దగ్గర పత్తి ఏరేవాళ్లకు చేలో చాటుకు వెళ్లే చెట్టు కూడా ఉండదు. వాళ్లకు సెలవంటే ఆ రోజు కూలి పోవడమే.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?

గంట గంటకూ ప్యాడ్ తడిసిపోతున్నా, ఏడు రోజులు దాటినా, నొప్పికి మంచం దిగలేకపోతున్నా, పదిహేనేళ్లు నిండినా మొదలుకాకపోయినా చూపించాలి. మొదటి ఒకటి రెండేళ్లు తేదీలు అటూ ఇటూ అవుతుంటాయి, దానికి కంగారు లేదు. "పెళ్లయితే తగ్గిపోతుంది" అన్నవాళ్ల మాట వినొద్దు.

మా ఊళ్లో మొదలుపెట్టాలంటే ఎంత డబ్బు కావాలి?

ముందు డబ్బుతో మొదలుపెట్టకండి. బడికెళ్లి ఆ గదిలో ఐదు నిమిషాలు తలుపేసుకుని నిలబడండి. గడియ పడుతుందా, నీళ్లొస్తున్నాయా, చేతిలోది ఎక్కడ పెట్టాలి, వాడినది ఎక్కడ వేయాలి? నాలుగూ ఒక కాగితం మీద రాయండి. హెడ్మాస్టర్‌తో మర్యాదగా మాట్లాడండి, తప్పులు పట్టడానికి వచ్చినట్టు ఉండకూడదు, వాళ్ల బాధలు వాళ్లకుంటాయి. తల్లిదండ్రుల కమిటీలో ఒక అమ్మనైనా కలుపుకోండి. ప్యాడ్లు ఆ తర్వాత.

మీ పేజీలో పిల్లల ఫొటోలు ఒక్కటీ లేవేంటి? దాతలు నమ్మేదెలా?

ప్యాకెట్టు చేతిలో పెట్టి ఫొటో తీస్తే, ఆ పిల్ల క్లాసులో ఏడాదంతా ఆ ఫొటో మోయాలి. మొదట్లో ఒకసారి తీశాం, ఒక తల్లి ఫోన్ చేసి ఏడ్చింది, తీసేశాం. రసీదులు పంపుతాం. గడియ ఫొటో ఉంది, మేకు ఫొటో కూడా ఉంది, కావాలంటే అవి పంపుతాం.